గోల్కొండలో మా ఊరి పద్దు

మా బూర్గంపాడు నుంచి హైదరాబాదు వెళ్ళడమంటే ఎప్పుడూ ఏదో ఒక పని మీదే. ఆస్పత్రి పనో, పిల్లల చదువు పనో, కాకపోతే ఎవరింట్లోనో పెళ్ళి. పని కాగానే సంచీలు సర్దుకుని రాత్రి రైలెక్కెయ్యడమే. అంత పెద్ద ఊళ్ళో ఏముందని ఎవరైనా అడిగితే ఆస్పత్రి క్యాంటీనులో ఇడ్లీ ఎలా వుంటుందో చెప్పగలను గాని, చార్మినారు పైకి ఎన్ని మెట్లో చెప్పలేను. మీలో చాలామంది సంగతీ అంతే అయివుంటుంది లెండి.

అలాంటిది మొన్న ఒక పెళ్ళికి వెళ్ళిన మా నలుగురికీ ఒక రోజంతా మిగిలిపోయింది. పెళ్ళి ముందు రోజు రాత్రే అయిపోయింది. తిరుగు రైలు మర్నాడు రాత్రికి. మొగవాళ్ళు ఎవరూ వెంట లేరు. వంట చెయ్యక్కర్లేదు. ఇలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో!

మా నలుగురినీ మీకు పరిచయం చెయ్యాలి. ఒకరు టీచరక్క. సోషలు పాఠాలు చెప్పి రిటైరయింది గాని, పాఠం చెప్పడం మాత్రం మానలేదు. రెండో మనిషి మా వదిన. ఆమెకి నగలన్నా, ధరలన్నా ఆసక్తి. మూడో ఆమె మా నర్సమ్మ. ఏజెన్సీ గూడేల్లో ఇరవై ఏళ్ళు తిరిగి సూదులు వేసిన మనిషి. ఆమెదీ కోయగూడెమే. తక్కువ మాట్లాడుతుంది. నాలుగో దాన్ని నేను. నాకు ఏ ఆసక్తీ లేదు, కాళ్ళ నొప్పులు మాత్రం వున్నాయి. అందుకే పొద్దున్నే ఒక షరతు పెట్టాను. "పరుగులు పెట్టించొద్దు. కూర్చోబుద్ధయిన చోట కూర్చుంటాను" అని. అందరూ ఒప్పుకున్నారు.

చార్మినారు దగ్గర మొదటి గంటన్నరా టీ తాగుతూనే గడిపేశాం. ఉస్మానియా బిస్కట్టు తీపో ఉప్పో తేల్చుకోవడానికి తలా నాలుగు తినాల్సి వచ్చింది. టీచరక్క కప్పు కింద పెట్టకుండానే చెప్పేసింది: దీన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు, నాలుగు దిక్కులా కనిపించే గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి అని. మెట్లెక్కుదామా అంటే ముగ్గురం ఒక్కసారే లాడ్‌బజారు వేపు చూశాం.

లాడ్‌బజారులో లక్క గాజులు చేసేవాళ్ళని చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నిప్పుల మీద లక్క మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది చల్లారేలోపల అద్దం ముక్కలు ఒక్కొక్కటే అద్దుతారు. చెయ్యి కాలదా అని అడిగితే ఆ అమ్మాయి నవ్వి వేళ్ళు చూపించింది. వేలికొసలు మొద్దుబారిపోయి వున్నాయి. నర్సమ్మ ఒక లక్క ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఇది అడవి సరుకే కదక్కా. మోదుగ కొమ్మలకీ, రేగు కొమ్మలకీ పడుతుంది" అంది.

ఆ మాట అప్పుడు నేనంత పట్టించుకోలేదు. వదిన అప్పటికే పక్కనున్న ముత్యాల కొట్లోకి దూరింది. ఆమెని బయటికి లాగడానికి ఇంకో ముప్పావుగంట పట్టింది. చేతిలో చిన్న పొట్లం వుంది. ఎంతకి కొన్నావంటే చెప్పలేదు. "రైల్లో చెపుతాలే" అంది.

అక్కణ్ణించి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. నడుచుకుంటూ వెళ్ళాం. పక్కనే మూసీ. వంతెన మీద నుంచి తొంగి చూసి వదిన పకపకా నవ్వింది. "ఇదా నది? మా కిన్నెరసానిలో బట్టలుతికిన నీళ్ళన్ని లేవు" అని.

గోదావరి ఒడ్డున పుట్టిన వాళ్ళకి ఆ గర్వం వుంటుంది లెండి. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసేది మా ఊరి దగ్గరే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు ఇళ్ళు వదిలి మెరక మీదికి పరుగెత్తిన వాళ్ళం మేము. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు మళ్ళీ అదే పరుగు. అలాంటి వాళ్ళకి మూసీ కాలవలాగే కనబడుతుంది. కాని టీచరక్క నవ్వలేదు. 1908 సెప్టెంబరు 28న ఈ మూసీయే పొంగి, ఈ ఒడ్డునే వేలమందిని ముంచేసిందట. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు వుంది. ఆ రోజు ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభైమంది బతికారని చెపుతారు. చింతచెట్టు పేరు వినగానే వదిన నవ్వు ఆపేసింది. 86 వరదలో మా పెదనాన్నగారి కుటుంబం రాత్రంతా గడిపింది ఒక డాబా మీద. పక్క ఇంటివాళ్ళకి డాబా లేదు. వాళ్ళని కాపాడింది వాళ్ళ దొడ్లో చింతచెట్టే.

మ్యూజియంలో అందరూ చూసేదే మేమూ చూశాం. మేలిముసుగు రెబెకా బొమ్మ ముందు వదిన చాలాసేపు నిలబడింది. పాలరాతిలో ముసుగు చెక్కడమేమిటి, ఆ ముసుగులోంచి మొహం కనబడ్డమేమిటి! ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. 1876లో మొదటి సాలార్‌జంగు రోములో కొన్నాడు. ఎంతకి కొన్నాడో అక్కడ రాసిలేదు. వదినకి అదే వెలితి.

పన్నెండు కొట్టే వేళకి గడియారం హాల్లో బెంచీలన్నీ నిండిపోయాయి. అక్కడ గంటగంటకీ ఓ గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండుసార్లు కొడుతుంది కాబట్టి జనం ఎక్కువ. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులూ, సెల్‌ఫోనులు ఎత్తిపట్టుకున్న కుర్రాళ్ళూ. మేము ఇరవై నిమిషాలు ముందే వెళ్ళి బెంచీ సంపాదించాం. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ ఇరవై నిమిషాల్లోనే టీచరక్క మా ఊరి సంగతి ఎత్తింది.

"ఈ మ్యూజియంలో వస్తువులు ఎక్కువభాగం మూడో సాలార్‌జంగు కూడబెట్టినవి. కాని మొదటి సాలార్‌జంగు వున్నాడే, ఆయన 1853 నుంచి 1883లో చనిపోయేదాకా నిజాముకి దివాను. మన గోదావరిని సరిహద్దు చేసింది ఆయన దివానుగా వున్నప్పుడే" అంది.

అదేమిటో మీకూ చెప్పాలి. 1857 తిరుగుబాటులో నిజాము ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచాడు. దానికి బదులుగా 1860లో ఒక ఒప్పందం కుదిరింది. నిజాము పడివున్న యాభై లక్షల బాకీ కొట్టేశారు. రాయచూరు ప్రాంతం తిరిగి ఇచ్చారు. ఇచ్చిపుచ్చుకోవాలి కదా, నిజాము తరఫునుంచి గోదావరి ఎడమ ఒడ్డున వున్న తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకి పోయాయి. ఆ లెక్కలో భద్రాచలం అటు పోయింది. బూర్గంపాడు కుడి ఒడ్డున వుంది కాబట్టి నిజాముకే మిగిలింది.

ఆ అడవి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళకి ఎందుకంటారా? పత్తి కోసం. మధ్య భారతంలో పండే పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దింపి మాంచెస్టరు మిల్లులకి పంపాలని వాళ్ళ ఆశ. పడవలు రాళ్ళకి తగలకుండా దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు, లాకులు పెట్టారు, కాలవ తవ్వారు. చివరికి 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. పత్తి పోలేదు. సరిహద్దు మాత్రం వుండిపోయింది. భద్రాచలాన్ని మొదట మధ్యపరగణాల్లో కలిపారు. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకి మార్చారు.

దాని ఫలితం మా నానమ్మ నోట విన్నాను నేను. శ్రీరామనవమికి కల్యాణం చూడ్డానికి పడవెక్కి వెళితే, ఏరు దాటేసరికి రాజ్యం మారిపోయేదట. ఇవతల హాలీ రూపాయి, అవతల కల్దారు రూపాయి. హాలీ తక్కువ ఖరీదుది. మార్చుకోబోతే వట్టం పోయేది. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున కరోడ్‌గిరీ వాళ్ళు మూటలు విప్పించేవాళ్ళు, కొత్త బట్టలకి సుంకం కట్టమని. నానమ్మ కొత్త చీర కొంటే దాన్ని అక్కడే కట్టేసుకుని, పాత చీర మూటలో పెట్టుకుని వచ్చేది. "కట్టుకున్న కోకకి సుంకమడిగే మొగోడు పుట్టలా" అనేది. దేవుడు ఇంగ్లీషు ప్రభుత్వంలో, భక్తులు నిజాము ప్రభుత్వంలో. ఇది మేము చిన్నప్పుడు కథలాగే విన్నాం గాని, దాని సంతకం ఈ ఊళ్ళో జరిగిందని నాకు తట్టనేలేదు.

1956 నవంబరుతో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో చేర్చారు. 1965లో వంతెన వచ్చింది. సారపాక మీదుగా ఆటోలో పోయి దర్శనం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాళ్ళం. హమ్మయ్య అనుకున్నాం. 2014లో మళ్ళీ గీత గీశారు. పోలవరం ముంపు పేరు చెప్పి భద్రాచలం చుట్టుపక్కల మండలాలూ, మా బూర్గంపాడు మండలంలోనే కొన్ని గ్రామాలూ ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. గుడి తెలంగాణలో, గుడి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో. హాలీ, కల్దారు గొడవ లేదు గాని, మా నానమ్మ వుంటే కోక చెంగు సర్దుకునేది.

ఇంతలో పన్నెండయింది. గడ్డపు బొమ్మ బయటికొచ్చి పన్నెండూ కొట్టి వెళ్ళిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క నిమిషంలో హాలు ఖాళీ.

భోజనం సంగతి చెప్పను. తిన్నాం, ఎక్కువ తిన్నాం. ఆ తరవాత గోల్కొండకి వెళ్ళాలా, వద్దా అని ఓటు పెట్టాం. నేనూ వదినా వద్దన్నాం. టీచరక్క వెళదామంది. ఎప్పుడూ ఏదీ అడగని నర్సమ్మ, "రామదాసు జైలు చూడాలని వుందక్కా" అంది. ఇంకేమంటాం?

కంచర్ల గోపన్న కథ తెలుగింట పుట్టిన ఆడదానికి చెప్పేదేముంది! సినిమాల్లో చూశాం, భజనల్లో పాడాం. కాని మా వేపు అది దేవుడి కథలాగా వుండదు, పక్కింటి కథలాగా వుంటుంది. ఆయన పుట్టింది మా పాత ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. తహసీలుదారుగా చేసింది మా పాల్వంచ పరగణా. భద్రాచలంలో గుడి కట్టించాడు, సర్కారు సొమ్ము వాడాడన్నారు, పట్టుకుపోయి గోల్కొండలో పెట్టారు. అంటే మా ఊరినుంచి ఈ ఊరికి ఆయన కూడా పని మీదే వచ్చాడన్నమాట. మేము నలభై కిలోమీటర్లు బస్సులో పోయి కొత్తగూడెంలో రైలెక్కుతాం. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. రాములవారుండేది ఏరుకి అవతల, స్టేషను పేరు మాత్రం ఆయనది. పాపం, గోపన్నకి ఆ రైలు కూడా లేదు.

కోట వాకిట్లో గుమ్మటం కింద నిలబడి అందరూ చప్పట్లు కొడుతున్నారు. కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సారు బారాదరిలో వినబడతాయి. శత్రువు వచ్చాడని పైకి కబురు పంపే ఏర్పాటు. టీచరక్క ఎడంపక్కనున్న మొండిగోడలు చూపించి, అక్కన్న మాదన్నల కచేరీలంటారని చెప్పింది. ఇద్దరూ గోపన్నకి మేనమామలు. మాదన్న తానీషాకి దివాను. మేనమామ సిఫారసు మీదే గోపన్నకి ఆ ఉద్యోగం వచ్చిందంటారు.

పైకి మూడొందల పైచిలుకు మెట్లు. నేను ఆగుతూ ఆగుతూ ఎక్కాను. అక్కడక్కడ గోడల్లో మట్టి గొట్టాలు కనబడ్డాయి. కింది బావుల నుంచి చక్రాలతో అంచెలంచెలుగా నీళ్ళు తోడి కొండ మీదికి ఎక్కించేవాళ్ళట. నీళ్ళని కూడా మెట్లెక్కించారు గాని మనుషుల కాళ్ళ గురించి ఎవరూ ఆలోచించలేదు.

జైలు ఆ దారిలోనే వుంది. మొదట ధాన్యం దాచే కొట్టుగా కట్టి తరవాత ఖైదు చేశారంటారు. లోపలికి అడుగుపెడితే ఎండలోంచి వచ్చిన కళ్ళకి ముందు ఏమీ కనబడదు. కాసేపటికి ఎత్తయిన కప్పూ, కప్పులో గుండ్రటి కన్నం, అందులోంచి పడే ఒక్క వెలుగుచారా కనబడతాయి. తిండి ఆ కన్నంలోంచే దింపేవాళ్ళని చెపుతారు. గోడ మీద సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు. ఆయనే చేత్తో చెక్కుకున్నాడని నమ్మకం. చెక్కడం నాజూకుగా ఏమీ లేదు. పిల్లలు గోడమీద బొగ్గుతో వేసినట్టుంది. అందుకేనేమో, గుడిలో విగ్రహం ముందు రానిది ఏదో నాకక్కడ గొంతులోకి వచ్చింది. మా వదిన చెప్పులు బయట విడిచి వచ్చింది. చెప్పమని ఎవరూ చెప్పలేదు.

మేము ఒక పక్క గోడ దగ్గర చతికిలబడ్డాం. అప్పుడు మొదలయింది అసలు సంగతి.

టీచరక్క లెక్క వేసింది. తానీషా గద్దెనెక్కింది 1672లో. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో. కథ ప్రకారం గోపన్న పన్నెండేళ్ళు ఖైదులో వున్నాడు. అంటే ఎలా కూడినా, తీసినా, ఆ కాలంలో ఎక్కువభాగం మేనమామ మాదన్న ఇదే కోటలో దివానుగిరీ చేస్తున్నాడు. కింద ఆయన కచేరీ, పైన మేనల్లుడి జైలు!

"విడిపించలేకపోయాడా?" అంది వదిన.

"విడిపిస్తే దివాను చుట్టరికం చూసుకున్నాడని శత్రువులు అనరూ? వాళ్ళకి శత్రువులు తక్కువా? 1686లో ఆ అన్నదమ్ములిద్దర్నీ ఈ గోల్కొండ వీధిలోనే చంపేశారు" అంది టీచరక్క. ఇది ఆమె ఊహే గాని నాకు నిజమే అనిపించింది. పెద్ద ఉద్యోగంలో వున్న బంధువు అక్కరకొచ్చినట్టు మీ ఇంట్లో మాత్రం ఎప్పుడైనా విన్నారా?

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ రోజుల్లో పరగణా అంటే జీతం తీసుకుని శిస్తు వసూలు చేసే ఉద్యోగం కాదు. ఇంత కడతానని ఒప్పుకుని తీసుకునే ఇజారా. పంట పండినా, ఎండినా ఒప్పుకున్నది కట్టాలి. 1618 నుంచి నాలుగేళ్ళు మచిలీపట్నంలో వున్న మెత్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ పద్ధతి గురించి రాసిపెట్టాడు. బాకీ పడ్డ ఒక గవర్నరుని బెత్తాలతో చచ్చేదాకా కొట్టారని రాశాడు. అది గోపన్నకి అరవై ఏళ్ళ ముందు మాట. కాబట్టి సొమ్ము జమకాకపోతే జైల్లో పెట్టడం తానీషా ఒక్కడి కోపం కాదు, ఆ కచేరీల మామూలు. గవర్నరు కట్టలేకపోతే కింది అమీనుని పిండుతాడు, అమీను ఊరి పెద్దని, ఊరి పెద్ద రైతుని. పిండగా పిండగా చివర రాలేది ఆ చేత్తోనే.

నేను నగల గురించి అడిగాను. రామదాసు కీర్తన ఒకటి వుంది చూశారూ, దేవుడికి ఖర్చుల పట్టీ వినిపించేది? సీతమ్మకి చింతాకు పతకం చేయిస్తే దానికి పదివేల మొహరీలయ్యాయని నిష్ఠూరమాడతాడు. భరతుడిదీ, లక్ష్మణుడిదీ విడివిడిగా లెక్క చెపుతాడు. భక్తి పాటల్లో పద్దుల పుస్తకం పెట్టిన మనిషి ఇంకొకడు నాకు తెలియదు. జైల్లో వుండి లెక్క చెప్పమంటే, అడిగిన సుల్తానుకి కాకుండా దేవుడికి చెప్పాడు.

"చివరికి దేవుడే వచ్చి కట్టాడు కదా" అంది వదిన. "రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రాళ్ళు అర్ధరాత్రి తానీషా దగ్గరికి వచ్చి, ఆరు లక్షల మొహరీలు కుప్పపోసి, రసీదు రాయించుకున్నారు. అది నాకు నచ్చుతుంది. దేవుడైతే మాత్రం, డబ్బిచ్చాక రసీదు తీసుకోవద్దూ? మీ అన్నయ్యకి ఎన్నిసార్లు చెప్పాను!"

అందరం నవ్వాం. కన్నం లోంచి పడే వెలుగు కాస్త పక్కకి జరిగింది. నర్సమ్మ నవ్వలేదు. గోడ వేపు చూస్తూ అంది:

"ఆ ఆరు లక్షలూ మొదట ఎవరివక్కా?"

ఎవరం మాట్లాడలేదు.

"రాజుకి దేవుడిచ్చాడు. బాగుంది. రామదాసుని విడిచిపెట్టారు. అదీ బాగుంది. మరి మొదట కట్టినవాళ్ళకి? మన పరగణాలో వాళ్ళే కదా కట్టింది. వాళ్ళకి ఎవరు తిరిగిచ్చారు?"

చూడండి, ఎన్ని వందలసార్లు విన్న కథ! సుల్తానువేపు నిలబడి విన్నాను, రామదాసువేపు నిలబడి విన్నాను. మా ఊళ్ళో కూర్చుని మా ఊరివేపు నిలబడి ఒక్కసారీ వినలేదు. శిస్తు అంటే ఆకాశంలోంచి పడదు కదా. గోదావరి లంకల్లో జొన్న వేసినవాడో, వరి వేసినవాడో కట్టివుంటాడు. ఆ కట్టినవాళ్ళ పేరు ఏ పాటలోనూ లేదు.

టీచరక్క తేరుకుని అంది: "అలా అనకు. కథలోనే వుంది. గుడి కడతానంటే జనం ఇష్టపడే చందాలిచ్చారు. అవి చాలక సర్కారు సొమ్ము వాడాడు. పంటలొచ్చాక తీరుస్తామన్నారు."

"అన్నారేమో" అంది నర్సమ్మ. కాసేపాగి, "దమ్మక్కకైతే ఏ లెక్కా లేదు" అంది.

దమ్మక్క గురించి మా వేపు ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, దూరపు వాళ్ళకి చెపుతాను. పోకల దమ్మక్క అడవిబిడ్డ. భద్రిరెడ్డిపాలెంలో వుండేది. పుట్టలో వున్న రాముణ్ణి మొదట కనిపెట్టింది ఆమేనని స్థలపురాణం. తాటాకు పందిరి వేసింది, తాటిపండు నైవేద్యం పెట్టింది. గోపన్న రాకముందు ఆ దేవుడికి అదే గుడి, అదే ప్రసాదం. చింతాకు పతకం లేదు, ఖజానా లేదు, జైలూ లేదు. కోయవాళ్ళు ఆమెని తమ మనిషిగా చెప్పుకుంటారు. నర్సమ్మ గూడెంలో పిల్లలకి ఆ పేరు పెట్టుకుంటారు.

రామదాసు తప్పు చేశాడని నేననడం లేదు. ఆ గోడ మీది బొమ్మలు చూశాక ఎవరూ అనలేరు. తానీషా చెడ్డవాడనీ అనలేను. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయన పెట్టిందేనంటారు. ఈనాటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టుబట్టలూ, ముత్యాలూ వస్తాయి. అన్నిచోట్లా తలంబ్రాలు పచ్చగా వుంటే భద్రాచలంలో గులాలు కలిసి ఎర్రగా వుంటాయి. అదీ తానీషా నాటి అలవాటేనని చెపుతారు. ఆయన గతి మాత్రం ఏమయింది? ఎనిమిది నెలలు ముట్టడి తట్టుకున్న కోటకి లోపలివాడే తలుపు తీశాడు. మొగలు సర్దార్లు పట్టుకోవడానికి వస్తే తానీషా తొణక్కుండా భోజనం చేసి మరీ లేచాడట. ఆయన్ని దౌలతాబాదు కోటలో పెట్టారు. పన్నెండేళ్ళు గడిచినా బయటికి రాలేదు, అక్కడే పోయాడు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోటలో వంశమంతా వుంది, ఈయన లేడు. ఖుల్దాబాదులో వున్నాడు. ఆయన్ని విడిపించడానికి మాత్రం ఏ కుర్రాళ్ళూ మొహరీలు తేలేదు.

పైదాకా ఎక్కే ఓపిక నాకు లేదన్నాను. నిజానికి ఎవరికీ లేదు. టీచరక్క ఒక్కతీ వెళ్ళి మహంకాళి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని వచ్చింది. మేము జైలు బయట అరుగు మీద కూర్చుని, ఎండ వాలుతుంటే కింద పరుచుకున్న ఊరిని చూశాం. ఎన్ని మేడలో! ఆ మేడల మధ్యనే మా సరిహద్దు రాశారు, మా బాకీ రాశారు. మేము మాత్రం గాజులు కొనుక్కుని, బొమ్మ గంట కొడితే చప్పట్లు కొట్టి, బిస్కట్లు తిని వచ్చాం. నర్సమ్మ బొడ్డో సంచిలోంచి మరమరాలు తీసి పంచింది. అవి అయ్యేదాకా ఎవరం లేవలేదు.

"శ్రీరామనవమికి ఈసారి మా గూడెం ఆడవాళ్ళని కూడా పిలవండక్కా, వడ్లు ఒలవడానికి" అంది నర్సమ్మ.

గోటి తలంబ్రాల సంగతి అది. రోకలి తగలకుండా ఒక్కొక్క వడ్లగింజనీ గోటితో ఒలిచి బియ్యం చేసి పంపుతారు, స్వామి కల్యాణానికి. గోదావరి జిల్లాల నుంచి కూడా పంపుతారు. మా వీధిలో పదిమందిమి కూర్చుని ఒలుస్తాం. సాయంత్రానికి గోళ్ళు మంటలు పెడతాయి. ఇన్నేళ్ళలో నర్సమ్మ వాళ్ళని పిలవాలని మాకు తోచలేదు. ఎందుకు తోచలేదో ఆ అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే నాకే మొహం చెల్లలేదు.

"పిలవడమేమిటే, మేమే మీ గూడేనికొస్తాం" అంది వదిన. అనేసింది గాని, ఆమె మాటంటే మాటే. ఎప్పుడొస్తామో, ఎన్ని కుంచాల వడ్లు తేవాలో మెట్లు దిగేలోపలే తేల్చేసింది.

రాత్రి రైల్లో కింది బెర్తు నాకిచ్చారు. రైలు కదిలాక వదిన ముత్యాల పొట్లం విప్పింది. చిన్న దండ. బల్బు వెలుగులో బాగానే మెరుస్తోంది. నేను పంటితో రుద్ది చూశాను. నిజం ముత్యమైతే గరగరలాడాలంటారు. గరగరలాడిందో, నా పన్నే అరిగిందో తేల్చుకోలేకపోయాను. నర్సమ్మకిచ్చాను. ఆమె వేళ్ళతో తడిమి ఏమీ అనకుండా టీచరక్కకిచ్చింది. టీచరక్క కళ్ళజోడు పెట్టుకుని చూసి అడిగింది:

"ఎంతకి కొన్నావు?"

వదిన చెప్పింది. మేము ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

"పోనీ, రసీదేదీ?"

వదిన పొట్లం కాగితం అటూ ఇటూ తిప్పింది. సంచీ వెతికింది, పర్సు వెతికింది. తరవాత దుప్పటి ముసుగుపెట్టి అటు తిరిగి పడుకుంది.